రెండు ముడుల సుతిలి

కిందటి నెలలో ఇస్నాపూర్ దగ్గర నా కారు ముందు ఒక పికప్ పోతోంది. దాని వెనక కాంక్రీటు కలిపే యంత్రాన్ని తగిలించారు. స్పీడ్ బ్రేకర్ దిగగానే పికప్ తోక ఎగిరింది. ఒకటి, అనుకున్నాను. మళ్లీ ఎగిరింది. రెండు. మూడోసారి కూడా ఎగిరి అప్పుడు కుదురుకుంది. షాక్ అబ్జార్బర్లు పూర్తిగా పోయాయి, ఈ ఓనరెవడో గాని కళ్లు మూసుకుని తిప్పుతున్నాడు అని పైకే తిట్టాను. తిట్టిన మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తిట్టు తిట్టే అర్హత ఈ రోడ్డు మీద ఎవరికైనా ఉందేమోగాని నాకు మాత్రం లేదు.

బండి తోక ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టడం నాకు నేర్పినాయన అప్పటికి పోయి ఇరవై రోజులైందట. ఆ సంగతి ఆ సాయంత్రమే పటాన్‌చెరులో ఒక స్పేర్ పార్టుల షాపులో తెలిసింది.

అందరూ ఆయన్ని పటేల్ అనేవాళ్లు. అసలు పేరు నేనెప్పుడూ అడగలేదు. ముత్తంగి దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఉండేది, దానికి బోర్డు కూడా లేదు. బోర్డు రాయించుకోవచ్చు కదండీ అని ఒకసారి అన్నాను. "ఎతుక్కుంట వచ్చేటోనికి బోర్డు ఎందుకు? ఎతుకనోడు నాకు ఎందుకు?" అన్నాడు. అలా ఉండేది ఆయన వరస.

ధోవతి కట్టుకుని బండి కిందికి దూరే మెకానిక్కును నేను ఆయన్నొక్కణ్నే చూశాను. పొడుగ్గా, ఎండిపోయిన మనిషి. ధోవతిని మోకాళ్ల పైకి ఎగ్గట్టి, వెల్లకిలా పడుకుని, కాళ్లతో నేలను తన్నుకుంటూ లోపలికి జరిగేవాడు. బయటికి వచ్చాక రంపపు పొట్టుతో చేతులు రుద్దుకునేవాడు. పదకొండయిందంటే బండి ఎవరిదైనా, తొందర ఎంతదైనా, సద్ది విప్పి జొన్నరొట్టె తినడానికి కూర్చునేవాడు. ఒకసారి ఒక ఫ్యాక్టరీ మేనేజరు జీపులోంచి హారన్ మీద హారన్ కొడితే, రొట్టె నములుతూనే లేచివెళ్లి, జీపు దగ్గర నిలబడి, తినడం అయిపోయేదాకా ఆయన మొహంలోకే చూస్తూ నమిలాడు.

ఆయనకు వాసన తెలియదు. పాత షాక్ కోసినప్పుడు లోపలి నూనెను బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య నలిపి, జిగురు చూసి, ఆ వేళ్లను మన ముక్కు దగ్గర పెట్టేవాడు. "మాడిన వాసనొస్తుందా, ఉత్త నూనె వాసనొస్తుందా?" మొదటిసారి నేను వెనక్కి తప్పుకున్నాను. "మీరే చూడొచ్చు కదండీ" అన్నాను. షెడ్డు వెనకాల బూడిదరంగులో పారుతున్న వాగు వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "దాని పక్కపొంటి ఉన్నోనికి ముక్కు ఉండి ఏం లాభం సారూ? అదే పనిజేసుడు ఇడిసిపెట్టింది." ఆ వాగు అవతలి ఒడ్డు దాకా ఒకప్పుడు వాళ్ల పొలమే. అందులో ఇప్పుడు ప్రహరీ గోడలు, పొగగొట్టాలు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, వేరేవాళ్లు చెప్పారు.

నేను ఆయన దగ్గరికి పోవడానికి కారణం నా పికప్. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నాకు ఆ ఉద్యోగం దొరకలేదు. కరెంటు కోతల రోజులవి. ఒక డీజిల్ జనరేటర్ కొని, దాన్ని ట్రాలీ మీద బిగించి, పికప్ వెనక తగిలించి ఫ్యాక్టరీలకు కిరాయికి తిప్పేవాణ్ని. బండి నడిపేది యాదగిరి. జోగిపేట దగ్గర ఊరు. నాకంటే ఆరేడేళ్లు పెద్ద, అయినా సార్ అనేవాడు. ఏం చెప్పినా ముందు నవ్వి తర్వాత సరే అనేవాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు, తొందర మాత్రం నలుగురికి సరిపడా.

"ఏమండీ, వెనక షాకులు మార్చాలండీ."

"ఏం లాగుతది?"

"ఈ పికప్పేనండీ."

"బండి నా కండ్లకు కనవడ్తనే ఉన్నది. ఇది ఏం లాగుతది అని అడుగుతున్న."

"జనరేటరండీ. బొల్లారంలో ఉంది. కిరాయికిచ్చాం."

"సగం బండి తెచ్చి పూర బండికి షాకులు ఇయ్యమంటివి. ఎట్ల ఇయ్యాలె? పో, పోయి తగిలించుకొని రా."

నాకు మండిపోయింది. షాకులు ఇవ్వడానికి జనరేటర్ ఎందుకు, గట్టివి రెండు వేస్తే బరువు అదే మోస్తుంది కదా అన్నాను. ఆయన నాతో మాట్లాడటం మానేసి యాదగిరి వైపు తిరిగాడు. "మీ సారుకు జెర చెప్పు. బరువు మోసేది చక్రాల మీది ఇనుప కమాన్ పట్టీలు. షాకు మోయదు. పెండ్లిల ఎగిరే పోరగాండ్లను భుజం మీద చెయ్యేసి కూసోవెట్టే పెద్దమనిషి ఉంటడు సూడు, గది షాకు. గంతే దాని పని. పెద్దమనిషి నెత్తిన మూట పెట్టి మొయ్యమంటే నడుమిరిగి సస్తడు."

తర్వాత పికప్ తోక మీద రెండు చేతులూ ఆనించి, తన బరువంతా వేసి నొక్కి వదిలేశాడు. అది లేచింది, దిగింది, మళ్లీ లేచింది. "సూడు. ఒక్కపారి లేవాలె, కూసోవాలె. రెండోపారి లేస్తే ఇగ బండి నీ మాట ఇనది."

మూడు రోజుల తర్వాత జనరేటర్ తగిలించుకునే వెళ్లాం. అప్పుడు చూశాను ఆయన పని. షాకులు బయటికి తీయకముందే పికప్ వెనక తొట్టిలోకి ఎక్కి, రోడ్డుకు వీపు పెట్టి, ట్రాలీకి ఎదురుగా చతికిలబడ్డాడు. నన్నూ ఎక్కమన్నాడు. ముందు సీటు ఖాళీగా ఉందండీ అంటే, "ముంగటి తొవ్వ యాదగిరి సూస్తడు. ఎనుక ఏమైతున్నదో ఎవలు సూడాలె?" అన్నాడు. కంది దాకా వెళ్లి తిరిగి వచ్చాం. ఆ ఎండలో, ఆ డీజిల్ కంపులో దారంతా వెనక్కి చూస్తూనే కూర్చున్నాను. రుద్రారం దగ్గర బండి ఆపించుకుని కక్కాను. ఆయన తువ్వాలు నా చేతిలో పెట్టి, "ఆంధ్రా సారుకు ఎనుకకు సూసుడు అలవాటు లేదు" అని నవ్వాడు. దారి పొడవునా ఆయన కళ్లు ట్రాలీ హుక్కు మీదే ఉన్నాయి.

షెడ్డులో ఒక గోడంతా మేకులు. ప్రతి మేకుకూ ఒక సుతిలి తాడు ముక్క. బండి తొట్టి అంచు నుంచి చక్రం నడిమి బొడ్డు దాకా సుతిలి వేలాడదీసి, ఖాళీ బండికి ఒక ముడి, బరువు తగిలించాక ఇంకో ముడి వేసేవాడు. ఆ రెండు ముడుల మధ్య దూరమే ఆయన లెక్క. దాన్ని బట్టి ఎంత పొడుగు షాక్ వేయాలో చెప్పేవాడు. "బరువు మీద ఉన్నప్పుడు లోపలి రాడ్డు సగం లోపల, సగం బయట ఉండాలె. లేవడానికి జాగ ఉండాలె, కూసోవడానికి జాగ ఉండాలె. కూసోవడానికి జాగ లేకుంటే గుంతల పడ్డప్పుడు అడుగు తలుగుతది. పిన్ను ఇరుగుతది." వాళ్ల నాయన పొలం గట్లు కొలిచింది కూడా ఇలా తాడుకు ముడులేసేనట. టేపు ఎందుకు వాడరని అడిగితే, టేపు మీద అంకెలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి, ముడి మాత్రం ఆ బండి ఒక్కదానిదే అన్నాడు. ఏ సుతిలి ఎవరిదో గుర్తుకు ఆ బండిదే ఏదో ఒక ముక్క కట్టేవాడు. ఒకదానికి పాత నట్టు, ఒకదానికి తెగిన బెల్టు పీలిక. మా సుతిలికి యాదగిరి స్టీరింగు దగ్గర కట్టుకున్న ఎర్ర కుచ్చులోంచి నాలుగు దారాలు తెంపి ఇచ్చాడు.

ఆయన ఏ మాటైనా ఓనరును కాదు, డ్రైవరును అడిగేవాడు. "ఓనరుకు బండి ఎంత తెచ్చిందో ఎర్క. డ్రైవరుకు బండి ఎట్ల వచ్చిందో ఎర్క" అనేవాడు. యాదగిరి చేతులు పట్టుకుని అరచేతులు తిప్పి చూసేవాడు. ఎడమ చెయ్యి కాయ కాసిందంటే బండి కుడికి లాగుతున్నట్టట. నిజమో కాదో నాకు తెలియదు గాని యాదగిరికి ఆ పరీక్ష మహా ఇష్టం.

ఆ షాకులతో రెండేళ్లు గడిచాయి. రోజూ ఆ షెడ్డు ముందు నుంచే పోయేవాళ్లం. యాదగిరి హారన్ కొట్టేవాడు. పటేల్ తల ఎత్తి మమ్మల్ని చూసేవాడు కాదు, బండి తోకను చూసేవాడు. షెడ్డు ఎదురుగా చిన్న గతుకు ఉండేది. అది దాటగానే ఒక వేలు పైకెత్తేవాడు. ఒక్కసారే లేచింది, పోండి అని. ఎన్ని వందల సార్లు చూశానో ఆ వేలును.

ఇంతవరకు రాయడం సులువే. ఇకపై రాయాల్సింది నా సంగతి.

మూడో ఎండాకాలం నేను పాత జనరేటర్ అమ్మేసి పెద్దది కొన్నాను. బరువు దాదాపు రెండింతలు. ట్రాలీ కూడా మార్చాను. బొల్లారంలో ఒక మందుల కంపెనీ దాన్ని ఎండాకాలమంతా కుదుర్చుకుంది. అక్కడ సరుకు వండే పాత్రల్లో తిప్పడం ఒక్క గంట ఆగితే లోపలిదంతా గడ్డకట్టి పోతుంది. జనరేటర్ గేటు దాటి బయటికి వస్తే ఇంకోడిది లోపలికి వస్తుందని ముందే చెప్పారు. సరిగ్గా అప్పుడే వెనక షాకులు నూనె కార్చడం మొదలుపెట్టాయి. తర్వాతి వారం అదే జనరేటర్‌ను ఆ కంపెనీవాళ్లదే జోగిపేట రోడ్డు మీది ఇంకో యూనిట్‌కు తీసుకెళ్లాలి. అప్పటికల్లా షాకులు కావాలి. ఖాళీ పికప్ తీసుకుని ఒక పొద్దున పటేల్ దగ్గరికి వెళ్లాం.

"ట్రాలీ ఏది?" అన్నాడు.

"మా సుతిలి ఉంది కదండీ మీ దగ్గర. అదే బరువు."

ఆయన నా మొహం చూడలేదు. ఎప్పటిలాగే నా భుజం మీదుగా యాదగిరి వైపు చూశాడు. "ఏం యాదగిరీ? బరువు గదేనా?"

యాదగిరి నల్లా దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. తడి మొహంతో నన్ను చూశాడు. నేను కళ్లు తిప్పుకోలేదు. నా చూపులో ఏముందో నాకు తెలుసు. సాయంత్రంలోగా ఇది అయిపోవాలి, నువ్వు నోరు తెరిస్తే అవ్వదు అని ఉంది. అతను ఆసారి నవ్వలేదు. "గదే పటేలా" అన్నాడు, నల్లా కట్టేస్తూ.

పటేల్ మేకు నుంచి సుతిలి తీశాడు. ఎర్ర దారాలు వెలిసిపోయాయి. రెండు ముడులనూ వేళ్లతో తడుముకుని, వెతికి వెతికి ఒక జత తెచ్చి బిగించాడు. తోక మీద చేతులు వేసి నొక్కి వదిలాడు. ఒకటి. అంతే, మళ్లీ లేవలేదు. పదకొండయింది. తన రొట్టెలో సగం యాదగిరికి పెట్టాడు. ఇద్దరూ నీడలో గొంతుక్కూర్చుని తిన్నారు. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం జోగిపేట రోడ్డు మీది యూనిట్ గేటు దగ్గర కూడా అలాగే గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. యాదగిరి ఒక్కడే జనరేటర్ తెస్తున్నాడు. రావలసిన వేళ దాటి గంటయింది. సంగారెడ్డి దాటాక ఒక కల్వర్టు దగ్గర దిగుడులో గుంత ఉంది. ఎదురుగా వస్తున్న ఆర్టీసీ బస్సు డ్రైవరు చూసింది ఇదీ. పికప్ తోక గుంతలో కూలబడింది. పైకి లేస్తూ ట్రాలీ ఒకపక్కకు ఊగింది, రెండోపక్కకు ఊగింది, మూడో ఊపుకు పికప్‌ను కూడా పట్టుకుని రోడ్డు కిందికి ఈడ్చుకుపోయింది. యాదగిరిని బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

నేను అక్కడికి చేరాక చేసిన మొదటి పని ఏమిటో చెప్తాను. క్రేన్ పిలిపించి జనరేటర్‌నూ ట్రాలీనీ ఎత్తించి మా షెడ్డుకు పంపేశాను. డీజిల్ కారుతోంది, మంట అంటుకుంటుంది అని అందరితో అన్నాను. డీజిల్ కారుతున్న మాట నిజమే. కానీ కబురు తెలియగానే పటేల్ వస్తాడని నాకు తెలుసు. వస్తే ఆ జనరేటర్‌ను ఒక్క చూపు చూస్తే చాలు, ఆయనకు అంతా తెలిసిపోతుంది. యాదగిరి ఇంకా రోడ్డు పక్కన దుప్పటి కింద ఉన్నాడు. నేను క్రేన్‌వాడికి దారి చెప్తున్నాను.

పటేల్ బస్సు దిగి వచ్చాడు. పికప్ తిరగబడి ఉంది కాబట్టి ఆయన కిందికి దూరాల్సిన పని లేకపోయింది. నిలబడే చూశాడు. కుడివైపు షాక్ కింది పిన్ను విరిగి వేలాడుతోంది. దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పాడు. రాడ్డు పూర్తిగా లోపలికి పోయి అడుగు తగిలిన గుర్తు ఉంది. "గింత కిందికి ఎట్ల కూసున్నది?" అని తనలో తనే అనుకున్నాడు. నడుముకు చుట్టుకున్న సుతిలి తీసి పట్టుకున్నాడు గాని, ఆ బండి మీద కొలవడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు నావైపు వచ్చాడు. నాకు తెలిసి డ్రైవరును కాక ఓనరును ఆయన ప్రశ్న అడిగింది అదొక్కసారే.

"సారూ, గది ఆ జనరేటరేనా?"

"అదేనండీ" అన్నాను.

ఆయన తల ఊపాడు. "అయితే నా ముడే తప్పు పడ్డది" అన్నాడు. నేను కాదనలేదు. పోలీసులు అతివేగమని రాసుకుని వెళ్లారు. దాన్నీ కాదనలేదు.

యాదగిరి దశదినం నాడు వాళ్ల ఊళ్లో షామియానా వేశారు. ఓనరు సారు వచ్చాడని నాకు కుర్చీ వేసి చాయ్ ఇచ్చారు. పటేల్ బస్సు దిగి నడిచి వచ్చాడు. ధోవతి ఉతికి కట్టుకున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు. అందరి మధ్యలో నిలబడి యాదగిరి భార్య మణెమ్మ వైపు చూసి చెప్పాడు. "బిడ్డా, నీ పెనిమిటి జోరుగ తోల్లే. పోలీసోల్లు అబద్ధం రాసిండ్రు. నేను ఏసిన షాకు ఇరిగింది. నా కొలత తప్పింది. గది చెప్పనీకి వచ్చిన."

డ్రైవరుకు మాట రాకూడదని వచ్చాడు ఆయన. ఎవరూ అడగని నిజాన్ని, తను నిజమనుకున్న దాన్ని చెప్పడానికి వచ్చాడు. మణెమ్మ లేచి రెండు చేతులతో మన్ను తీసి ఆయన మొహాన కొట్టింది. "నా ఇల్లు ఆర్పినవు. నీ ఇల్లు ఆరిపోను" అంది. ఆయన మొహం తుడుచుకోలేదు. ఇంకోసారి కొట్టినా నిలబడ్డాడు. నేను కుర్చీలో ఉన్నాను, చేతిలో చాయ్ గ్లాసు ఉంది. లేచి ఒక్క మాట అంటే చాలు. నేను లేవలేదు. ఇన్నేళ్లలో ఎన్నో సాకులు చెప్పుకున్నాను గాని, ఆ కుర్చీకి ఏ సాకూ దొరకలేదు.

తర్వాత ఆయన గోడ మీది సుతిలి ముక్కలన్నీ తీసి పొయ్యిలో వేశాడని విన్నాను. ట్రాలీ లాగే బండ్లను ముట్టుకోవడం మానేశాడు. స్కూటర్లకు మాత్రం చేసేవాడు, అదీ కొన్నాళ్లే. నేను పికప్ అమ్మేసి వేరే వ్యాపారంలోకి దిగాను. ఒకసారి బస్సులో సంగారెడ్డి పోతూ ఆ షెడ్డు వైపు చూశాను. రోడ్డుకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. బస్సు ఆ గతుకు మీద ఎగిరినా తల తిప్పలేదు. నేను మాత్రం కిటికీలోంచి తల లోపలికి లాక్కున్నాను. ఆ తర్వాత ఆ దారిన పోవాల్సి వస్తే అవతలి పక్క సీటు చూసుకునేవాణ్ని.

మణెమ్మకు బొల్లారంలో ప్యాకింగ్ పని ఇప్పించాను. ఇంద్రేశంలో గది చూపించాను. కనిపించినప్పుడల్లా, మీరు లేకుంటే మేం బజార్న పడేటోళ్లం సారూ అనేది. ఆ మాట ఇన్నేళ్లూ తల వంచుకుని స్వీకరించాను. దాన్ని నా వినయం అనుకుంది పాపం.

ఆ సాయంత్రం స్పేర్ పార్టుల షాపు ఆయన పటేల్ పోయిన సంగతి చెప్తూ చెప్తూ, "ఆఖరుకు మతి కూడ సక్కగ లేకుండె సారూ. మంచంల పండుకొని సుతిలి ఇయ్యమంటుండెనట. ముడేసుడు, విప్పుడు. ముడేసుడు, విప్పుడు. దినమంత గదే పని" అన్నాడు. నేను కొన్న వస్తువును అక్కడే వదిలేసి వచ్చేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే ఇంద్రేశం వెళ్లాను.

మణెమ్మకు ఆ రోజు సెలవు. స్టూలు తుడిచి వేసింది. "ఆ ముసలోడు సచ్చిండట సారూ. మా కంపెనీల చెప్పిండ్రు. సూసొద్దాం రా అన్నరు. నేనెందుకు పోత అన్న" అంది చాయ్ పెడుతూ.

ఆమె వీపు నావైపు ఉండగానే చెప్పేశాను. జనరేటర్ మార్చిన సంగతి, నల్లా దగ్గర యాదగిరి నన్ను చూసిన సంగతి, క్రేన్ సంగతి. పొయ్యి మీద పాలు పొంగి కారాయి. ఆమె పొయ్యి ఆపలేదు. ఇటు తిరిగింది.

"ఆయన మొకాన మన్ను కొట్టిన నేను" అంది. "మూడేండ్లు పంటకోపారి గింజలు కొని తెచ్చి మా వాకిట్ల పెట్టిపోతుండె. కోళ్లకు పోసిన. నువ్వు గీ ముచ్చట ఆయన బతికున్నప్పుడు ఎందుకు చెప్పకపోతివి?"

అన్నేళ్లలో ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదలు. కొంగు దోపుకుని చెప్పులు వేసుకుంది. "నడువు. ఆ పటేలమ్మ ముంగట చెప్దువు." నా కారు ఎక్కలేదు. షేర్ ఆటో ఆపి ఎక్కింది. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను.

ముత్తంగి వెనకాల పల్లెలో వాళ్ల ఇల్లు. పటేల్ భార్య వాకిట్లో చాట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. మణెమ్మ వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. యాదగిరి భార్యనని మణెమ్మ రెండుసార్లు గట్టిగా చెప్పాక ఆ ముసలామె చాట పక్కన పెట్టింది. నేను నిలబడి, రోడ్డంతా కూడదీసుకున్న మాటలు చెప్పాను.

"ఏందీ?" అంది ఆమె, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"ఆమెకు చెవులు దూరం" అంది మణెమ్మ, నావైపు చూడకుండా. "గట్టిగ చెప్పు."

గట్టిగా చెప్పాను. అప్పటికీ ఆమెకు అందలేదు. ఇంకా గట్టిగా అరిచాను. "జనరేటర్ మార్చానమ్మా! పెద్దది కొన్నాను! అదే పాతదని పటేల్ గారికి అబద్ధం చెప్పాను! ఆయన కొలత తప్పు కాదు!" నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు వదిలేసి చూస్తున్నారు. ఎదురింటి అరుగు మీది మగవాళ్లు లేచి వచ్చారు. ఏమైందని ఒకరు అడిగితే ఇంకొకరు చెయ్యెత్తి ఆపారు.

ఆమె తిడుతుందనుకున్నాను. మన్ను తీస్తుందనుకున్నాను, కళ్లు కూడా మూసుకున్నాను. ఆమె అలాంటిదేమీ చేయలేదు.

"ఆయన ముడి తప్పు గాదా?" అంది.

"కాదమ్మా."

"అందరికి ఇనబడేటట్టు చెప్పు."

చెప్పాను. ఆమె చుట్టూ చేరిన వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసింది. వాళ్లు విన్నారని నమ్మకం కుదిరాక, గోడ పక్కనున్న మంచం చూపించింది.

"గాడ కూసో. నా కొడుకు ఫస్ట్ షిఫ్టుకు పోయిండు, మూడింటికి వస్తడు. మీ నాయిన మనిషిని సంపిండని కంపెనీల అంటుంటే, వాడు ఆయనతోని మాట్లాడుడు బంద్ జేసిండు. ఆరేండ్లు. సచ్చెటప్పుడు గూడ మాట్లాడలే. వానికి గూడ గిట్లనే చెప్పు."

పొద్దున పది కూడా కాలేదు. మంచం మీద కూర్చున్నాను.